మొదటి గుక్క

భర్త ఆల్ఫర్డ్ పడవ మునిగిన రోజు, వెర్లిన్ టీచర్ మూడో తరగతికి ఎక్కాలు చెబుతోంది. కబురు కిటికీలోంచి వచ్చింది.

పడవ చెక్కలు దొరికాయి. మనిషి దొరకలేదు.

కారియాకూ దీవిలో సమాధి మీద రాయి నిలబెట్టి, ఊరికి భోజనాలు పెట్టేదాకా పోయినవాళ్లు కుదురుగా నిద్రపోరు. వెర్లిన్ రాయి మీద భర్త పేరు చెక్కించింది. నిలబెట్టడానికి సమాధి లేదు. రెండేళ్లుగా రాయి పెరట్లో, గోనెపట్టా కింద ఉంది.

ఒక శనివారం వెర్లిన్ రేవులో ఉండగా యాత్రికుల షికారు బోటు వచ్చింది; అందరి తలల మీదా పసుపు టోపీలే.

"ఎర్ర పీతలు దిగాయి టీచర్! మధ్యాహ్నానికి ఉడికిపోతాయి" అన్నాడు బోండాలమ్మే థాడియస్, ఎండకి కందిన యాత్రికుల్ని చూసి.

పసుపు టోపీలన్నీ నీళ్లలోకి పరిగెత్తాయి. ఒక ముసలాయన మాత్రం ఒడ్డునే నిలబడి, పడవల మీది పేర్లు ఒక్కొక్కటే చదివాడు. తర్వాత బోండాం కొన్నాడు. మొదటి గుక్క ఇసుక మీద పోశాడు.

వెర్లిన్ ముఖం బిగుసుకుంది. కిందటి వారం యాత్రికులు గైడు చెబితే అలాగే రమ్ము ఒలకబోసి, పగలబడి నవ్వుతూ ఫోటోలు తీసుకున్నారు.

"అది పోయినవాళ్లకి మేమిచ్చే గుక్కండీ. మీ సరదాకి కాదు."

ఆయన కంగారుగా టోపీ తీశాడు. వాళ్ల భాష ఆయనకు కూడబలుక్కుంటేనే వచ్చు.

"అమ్మా... నేను... ఒక మనిషి కోసం..."

"ఫోటో తీసే మనిషి కోసమా? అదుగో, నీళ్లలో ఉన్నారు మీవాళ్లు. వెళ్లండి."

"పోవయ్యా పెద్దాయనా, టీచర్ బెత్తం తేకముందే!" థాడియస్ నవ్వాడు.

ఆయన ఆమె కళ్లు చూసి, టోపీ పెట్టుకుని బోటు వైపు నడిచాడు.

సాయంత్రం బోటు కొండమలుపు దాటాక థాడియస్ ఆమె గుమ్మంలోకి వచ్చాడు. నవ్వడం లేదు. చేతిలో చిన్న గుడ్డమూట.

"బోటు కూత వేస్తుంటే ఇచ్చాడు టీచర్. ఇప్పుడే విప్పాను."

అందులో కత్తిరించిన చొక్కా కాలరు. దాని మీద ఆమె నీలం దారంతో కుట్టిన పేరు: ఆల్ఫర్డ్, కారియాకూ. పక్కన గుప్పెడు ఎర్రమట్టి.

"ఈ మట్టి?"

"సముద్రం తెచ్చిన మనిషిని తన కొడుకు పక్కన పాతిపెట్టానన్నాడు. ఆ ఇంటివాళ్లని తీసుకెళ్లి చూపిద్దామనే వచ్చాడట."

"ఏ దీవి?"

"పడమట ఏదో... చెప్పే ఉంటాడు టీచర్. బేరాల్లో పడి సగమే విన్నాను."

"ఆయన పేరు?"

"అడగలేదు టీచర్."

షికారు బోటువాళ్లు తలలు లెక్కపెడతారు, పేర్లు రాసుకోరు. తర్వాతి శనివారం ఆమె రేవులో నిలబడి, ప్రతి పసుపు టోపీ కిందా ముఖం చూసింది. ఆ పై శనివారమూ చూసింది.

రాయి ఇంకా పెరట్లోనే ఉంది.