చేదు పొర

డాక్టరమ్మ చివరి అట్టముక్క తిప్పింది. దాని మీద అక్రోటు బొమ్మ.

"అత్తయ్యా, ఇదేంటి?" బేగిమాయ్ అడిగింది.

బుర్మాకాన్ బొమ్మను చూసి తల దించుకుంది. తలగుడ్డ అంచు పెదవుల మీదికి లాక్కుంది.

"పెంకుది," అంది గొణుగుతున్నట్టు.

బేగిమాయ్ తలెత్తలేకపోయింది. చుట్టూ అక్రోటు అడవి. వాకిట్లో రెండు గోనెల అక్రోట్లు ఆరబోసి ఉన్నాయి. వాటిని ఒలిచిన నలుపు ముసలామె గోళ్లకు ఇంకా వదల్లేదు. వాటి పేరే నోటికి రాలేదు.

అక్రోట్లు తినేవాళ్లకు మతిమరుపు జబ్బు తక్కువగా వస్తుందేమో చూద్దామని రాజధాని నుంచి వచ్చిందా రష్యన్ డాక్టరమ్మ. ఊళ్లో ముసలివాళ్లందరికీ తొమ్మిది బొమ్మలు చూపిస్తోంది. బేగిమాయ్ రాజధానిలోనే పుట్టి పెరిగింది. ఆవిడ రష్యనూ, అత్త మాట్లాడే కొండ భాషా రెండూ వచ్చు. అందుకే అత్తకూ ఆవిడకూ మధ్య మాట అందిస్తోంది.

గుర్రం, ఉయ్యాల, టీగిన్నె టకటకా చెప్పిన మనిషి తోడేలు దగ్గర ఆగింది. తలగుడ్డ లాక్కుని "ఊళపెట్టేది" అంది. గొడ్డలిని "నరికేది" అంది. ఇప్పుడిది.

బేగిమాయ్ ఉండబట్టలేకపోయింది. "అక్రోటు, అత్తయ్యా! ఒక్కసారి అనండి. అ-క్రో-టు!"

ముసలామె చటుక్కున కోడలి నోరు మూసింది. "నోర్ముయ్ పిల్లా! సిగ్గులేదూ?"

డాక్టరమ్మ కాగితం మీద ఆరు అని రాసింది. పక్కన ఇంకేదో రాసి, దాని కింద గీత గీసింది.

"ఎంతకాలంగా ఇలా?"

"నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ. నాలుగేళ్లు."

మొదటి వారంలోనే బేగిమాయ్ భర్తను అడిగింది. ఆయన పేరు తెమిర్. తెమిర్ అంటే ఇనుము. ఆ కొండల్లో మనుషులకు అలా చుట్టూ కనిపించేవాటి పేర్లే పెడతారు. పేరు ఇనుమే గాని మనిషి వెన్న. "అమ్మ ఎప్పుడూ అలాగే అంటుందిలే," అని నవ్వేశాడు. తల్లి జబ్బు కప్పిపుచ్చుతున్నాడనుకుంది బేగిమాయ్. ఆ రోజు నుంచే వైద్యం మొదలుపెట్టింది.

"అక్రోట్లు తింటుందా?" డాక్టరమ్మ మళ్లీ అడిగింది.

"రోజూ ఏడు. నానబెట్టి, పొర ఒలిచి పెడతాను. ఆ పొర చేదు కదా. పళ్లు లేవు, చిగుళ్లకు అంటుకుంటుంది."

డాక్టరమ్మ కలం ఆగింది.

"ఒలిచేస్తావా? మెదడును కాపాడతాయేమోనని మేము వెతుకుతున్నవి ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే అమ్మా."

బేగిమాయ్ ఆ మాట అత్తకు అందించలేదు.

నాలుగేళ్లు. రోజూ ఏడు. ఒలిచిన పొరంతా కోళ్లకు వేసింది.

"వచ్చే నెల పట్నం ఆసుపత్రికి తీసుకురా. కొన్నాళ్లు ఉంచుకుని చూస్తాం," అని డాక్టరమ్మ లేచింది. గుమ్మం దాకా సాగనంపుతుంటే కంచె మీది నుంచి పొరుగింటి ఉల్కాన్ తల పెట్టింది.

"మా అత్త తొమ్మిదికి తొమ్మిదీ చెప్పిందమ్మోయ్! మీ అత్తకెన్ని?"

బేగిమాయ్ వాకిట్లో తిరిగే కోళ్ల వైపు చూసింది.

"అదేంటే, గింజలు నువ్వు తిని ఆవిడకు పెంకులు పెట్టావా ఏంటి?"

మరెప్పుడైనా అయితే ఒకటికి రెండు అనేది. ఇప్పుడు వెనక్కి తిరిగింది. పెంకులు పెట్టినా ఇంత పాపం ఉండేది కాదనిపించింది.

లోపలికొచ్చి అత్త మోకాళ్ల దగ్గర కూలబడింది.

"నన్ను క్షమించండి అత్తయ్యా. చేదని తీసేశాను. మీ జ్ఞాపకాలన్నీ ఒలిచి కోళ్లకేశాను. మిమ్మల్ని ఆసుపత్రిలో పెడతారట. ఇంత తేలిక మాటలు కూడా మర్చిపోయేదాకా తెచ్చాను."

బుర్మాకాన్ తెల్లబోయింది. "మర్చిపోయానా? ఏం మర్చిపోయాను?"

"తోడేలు, గొడ్డలి, అక్రోటు..."

ముసలామె మళ్లీ తల దించుకుంది. కిటికీలోంచి తొంగి చూసి, డాక్టరమ్మ వెళ్లిపోయిందని రూఢి చేసుకుంది. తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని, కోడలి చెవి దగ్గరకు వంగింది.

"మా ఇద్దరు బావగార్లనీ, మా మామగారినీ పరాయిదాని ముందు పేరు పెట్టి పిలవమంటావుటే, పిల్లా?"