కుండ పట్టేదెవరు

ఆ రోజు ఉదయం ఆకాశం బూడిద పూసుకున్నట్టు ఉంది. వాన పడలేదు, ఎండా రాలేదు. సముద్రం వైపు నుంచి గాలి మాత్రం ముదలియార్‌పేట వీధుల్లోకి ఉప్పు మోసుకొస్తోంది.

అరవిందన్ చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే తల్లి మీనాంబాళ్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"యాడికి?"

"రాత్రే చెప్పినా గదమ్మా."

"మీ నాయన లోపల పడుకోనుండాడు. నిన్ననే డాక్టరు వచ్చి రక్తపోటుకు మాత్రలిచ్చి పోయినాడు. ఈ పొద్దు నువ్వు పోయి పాడె ముందర కుండ పడతానంటావు."

"పాడె మీద ఉండేది గడ్డి బొమ్మమ్మా."

"బొమ్మకు పట్టినా కుండ కుండే గదరా. నాయన పోయిన కొడుకు పట్టేది అది. ఆయనకు ఏమన్నా అయితే నా గతేంది?"

లోపలి గది తలుపు చేరవేసి ఉంది. మంచం కిర్రుమంది. ఆయన వింటున్నాడని ఇద్దరికీ తెలుసు.

"మణియమ్మను మట్టిలోంచి తీసింది నేనమ్మా," అన్నాడు అరవిందన్.

మీనాంబాళ్ జరగలేదు. అతనే ఒత్తుకొని బయటికి నడిచాడు.

అరవిందన్ ఏంబలం బడిలో పంతులు. పోయిన వరదలో ఊరివాళ్ళందరినీ బడి గదుల్లోకి చేర్చాడు. మణియమ్మ అనే ముసలామె మాత్రం రానంది. ఎమ్మెల్యే వస్తాడట, ఇల్లు చూపించాలి, చూపిస్తే పరిహారం రాస్తాడు అని అక్కడే కూర్చుంది. ఎమ్మెల్యే రాలేదు. నానిన గోడ ఆమె మీద పడింది.

ఇప్పుడు పేపర్లో పడింది. ఆ వరద రోజుల్లోనే ఎమ్మెల్యే మళ్ళీ మళ్ళీ ఏంబలం వెళ్ళి బాధితులను పరామర్శించినట్టు కారు ఖర్చూ ప్రయాణ భత్యమూ తీసుకున్నాడని. ఆయన నుంచి అవుననీ రాలేదు, కాదనీ రాలేదు. దాంతో జనం ఉడికిపోయారు. ఆయన బొమ్మకు శవయాత్ర తీసి నడిరోడ్డు మీద తగలబెడదామన్నారు.

అరవిందన్ వెళ్ళేసరికి కూడలిలో పాడె సిద్ధంగా ఉంది. గడ్డి బొమ్మకు తెల్ల చొక్కా, పంచె తొడిగారు. పక్కనే కట్టెలు పేర్చారు. జయమ్మాళ్ అనే పూలమ్మే ఆమె తల దగ్గర కూర్చొని రొమ్ము బాదుకుంటూ శోకాలు పెడుతోంది.

"పోతివా నా దొరా, ఏంబలం తోవ యాడుండాదో చూడకుండానే పోతివా. పైలోకానికి పోయిన బాడుగ ఎవురినడగతావు నా దొరా."

చుట్టూ ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. కేబుల్ టీవీవాళ్ళు కెమెరా పట్టుకొని తిరుగుతున్నారు.

వచ్చిన చిక్కల్లా కుండ దగ్గరే. ఆటోవాళ్ళ సంఘం నాయకుడు దామోదరన్ అన్నీ పద్ధతిగా జరగాలన్నాడు. నీళ్ళ కుండ భుజాన పెట్టుకొని పాడె చుట్టూ మూడుసార్లు తిరగాలి. చుట్టు చుట్టుకూ కుండకు చిల్లు పెట్టాలి. చివరకు కుండ వెనక్కి వదిలేసి, వెనుతిరిగి చూడకుండా నిప్పు పెట్టాలి. కుండ పడతానన్న సుందరమూర్తి నిన్నటి నుంచే సెల్‌ఫోను ఆపేసుకున్నాడు. తండ్రి ఉన్నవాళ్ళు మాకొద్దని జరిగారు. తండ్రి లేనివాళ్ళు పోలీసు జీపు వైపు చూసి నేల చూపులు చూశారు.

అరవిందన్ కుండ అందుకున్నాడు.

దామోదరన్ అతన్ని చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయాడు.

"నీకొద్దు తమ్ముడూ. నాయన ఉండాడు గదప్పా."

"ఉండాడు."

"రేపు ఊరు ఏమనుకుంటుందో తెలుసునా?"

"ఊరు ఈ పొద్దే అంటా ఉండాది గదన్నా."

దామోదరన్ గొంతు తగ్గించాడు. ఆ భత్యం లెక్క దొంగదని గట్టిగా తెలుసునా అని అడిగాడు.

"ఆ దినాల్లో కారు షెడ్డు దాటలేదన్నా. పోతా వస్తా నేను చూసినా."

దామోదరన్ కుండ ఎత్తి అతని భుజాన పెట్టాడు.

అరవిందన్ మొదటి చుట్టు తిరిగాడు. దామోదరన్ కత్తి మొనతో కుండను పొడిచాడు. సన్నని ధార చొక్కా మీదుగా కారింది. జయమ్మాళ్ శోకం సగంలో ఆగిపోయింది. నవ్వులు ఒక్కొక్కటే అణిగాయి. ఎవరో ఒక ముసలామె వద్దు నాయనా, వద్దు అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది.

బొమ్మ తగలబెట్టనివ్వవద్దని పై ఆర్డరు. ఎస్సై లాఠీతో ముందుకు వచ్చాడు. కుండ పక్కన ఉన్న ముఖం చూశాడు. కానిస్టేబుళ్ళను చేత్తోనే ఆపి, తాను కూడా రెండడుగులు వెనక్కి వేశాడు.

మూడో చుట్టు అయింది. కుండ పగిలింది. అరవిందన్ పాడెకు వీపు పెట్టి, చెయ్యి వెనక్కి చాపి నిప్పు పెట్టాడు. మంట లేచేదాకా ఒక్కరూ నినాదం ఎత్తలేదు. లేచాక మాత్రం తమిళంలో తిట్లు మిన్నంటాయి. అరవిందన్ వెనుతిరిగి చూడకుండా ఇంటిదారి పట్టాడు.

మీనాంబాళ్ పెరట్లో బిందెతో నీళ్ళు పెట్టుకొని ఉంది. ఇంట్లో అడుగు పెట్టనివ్వకుండా తలమీద తనే కుమ్మరించింది. తువ్వాలు అందించింది.

"నాయన?" అని అడిగాడు.

"లేచినాడు. నీకోసరం కూర్చోనుండాడు."

లోపల పీటలు వేసి ఉన్నాయి. తండ్రి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది. కొడుకు తడి జుట్టు చూసి కళ్ళు దించుకున్నాడు. మీనాంబాళ్ అన్నం పెట్టింది, చారు పోసింది. నినాదాలు వీధి మలుపు దాకా వచ్చాయి. ఎవరూ తలెత్తలేదు. అరవిందన్ మజ్జిగ గిన్నె అందుకొని తండ్రి కంచం మీదికి వంచాడు.

కొడుకు పోసిన మజ్జిగను ఎమ్మెల్యే వద్దనలేదు.