భూతద్దం

మార్కుల పేజీ తెరిస్తే చెప్పుల ప్రకటన వచ్చింది.

దాన్ని మూస్తే నడుంనొప్పి బెల్టు వచ్చింది. దాన్నీ మూస్తే, 'మీ కంప్యూటర్‌లో నలభై ఏడు వైరస్‌లు ఉన్నాయి' అంటూ స్క్రీనంతా ఎర్రబడింది.

లెక్కల టీచరమ్మ తల పట్టుకుంది. సాయంత్రం అయిదింటిలోగా నూట ఇరవై మంది పిల్లల మార్కులు ఎక్కించాలి. అయిదు దాటితే పేజీ మూసుకుపోతుంది. పై క్లాసు సీట్ల జాబితాలో ఆ పిల్లల పేర్లుండవు.

"అత్తయ్యా, మళ్ళీ ఏం నొక్కారు?"

సోఫాలో స్వెటర్ అల్లుతున్న అత్తగారు తలెత్తలేదు. "వారం నుంచి దాని జోలికే పోలేదమ్మా."

"వారం కిందట నొక్కిందే ఈ గోలంతా."

ఆవిడ అల్లిక డిజైన్ల కోసం నెట్ నుంచి ఏదో దించుకున్న మాట నిజం. ఆ రోజు నుంచీ బ్రౌజర్ పైభాగాన భూతద్దం బొమ్మతో ఒక పట్టీ వచ్చి కూర్చుంది. ఏం వెతికినా అదే ముందుకొచ్చి, అడగనివన్నీ చూపిస్తోంది.

రెండింటికి రావలసిన కంప్యూటర్ షాపు మనిషి మూడింటికి వచ్చాడు. నలభై దాటినవాడు. గడ్డం సగం నెరిసింది.

"త్వరగా కానివ్వండి. నాకు రెండు గంటలే ఉంది," అంది టీచరమ్మ.

అతను భూతద్దం వంక ఒక్క క్షణం చూశాడు. కుర్చీలో మాత్రం కూర్చోలేదు.

"దీన్ని ఎవరు దించుకున్నారు మేడమ్?"

"ఎవరైతే ఏమిటి? తీసెయ్యండి."

"నేనే నాయనా," అన్నారు అత్తగారు మెల్లగా.

"అయితే మీరు వచ్చి కూర్చోండమ్మా. మీ చేత్తోనే తీయిద్దాం."

టీచరమ్మకి ఒళ్ళు మండింది. "ఇప్పుడు పాఠాలు మొదలుపెడతారా?"

"నేనైతే పది నిమిషాల్లో తీసేసి వెళ్ళిపోతాను మేడమ్. పది రోజుల్లో ఇంకోటి వస్తుంది."

అత్తగారు బెరుగ్గా వచ్చి కూర్చున్నారు.

"పైన మూల మూడు చుక్కలున్నాయి, నొక్కండి. ఎక్స్‌టెన్షన్లు అని ఉందా? బ్రౌజర్‌కి బయటివాళ్ళు తగిలించిన తోకలివి. ఇందులో మీరు కావాలని పెట్టుకున్నవేమన్నా ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు."

"అన్నీ పీకెయ్యండి."

మూడు పోయాయి. తర్వాత వెతుకుడు పేజీని పాతదానికి మార్పించాడు. ఆ తర్వాత నోటిఫికేషన్ల జాబితా తెరిపించాడు. ఏనాడో 'అనుమతించు' అని నొక్కిన పదకొండు సైట్లున్నాయి అందులో.

"పేజీ మూసినా కింద మూల నుంచి తొంగిచూసేవి ఇవేనమ్మా."

"అయిందా?" అంది టీచరమ్మ గడియారం చూస్తూ.

"లేదు మేడమ్. అసలుది కంప్యూటర్ లోపలే ఉంది. దాన్ని వదిలేస్తే ఇవన్నీ మళ్ళీ మొలుస్తాయి."

ప్రోగ్రాముల జాబితాని తేదీల వరసలో పెట్టించాడు. ఒకే రోజున రెండు ఎక్కాయి. ఒకటి అల్లిక డిజైన్లు, దాని వెనకే భూతద్దం. తీసెయ్యబోతే ఒక పెట్టె తెరుచుకుంది. అత్తగారి వేలు ముందుకు కదిలింది.

"ఆగండమ్మా. ఆ పెద్ద ఆకుపచ్చ బటన్ 'ఉంచు' అని. 'తీసెయ్యి' అన్నది దాని కింద బూడిదరంగులో సన్నగా ఉంటుంది."

అప్పుడతను స్క్రీన్ వైపు చూడటం లేదు. కిటికీ బయటికి చూస్తున్నాడు.

"ఉంది నాయనా," అన్నారు అత్తగారు. "ఆ రోజూ ఇలాగే కనబడక పచ్చదే నొక్కాను. నా చూపే మందగించిందనుకుని వారం నుంచి కుమిలిపోతున్నాను."

"కనబడకూడదనే అలా పెట్టారమ్మా. తప్పు నొక్కినవాళ్ళది కాదు, నొక్కించినవాళ్ళది."

ఆవిడ వీపు కాస్త నిటారైంది.

"ఇలాంటివి తయారుచేసేవాడి చేతులు విరగ్గొట్టాలి," అంది టీచరమ్మ.

"అవును మేడమ్," అన్నాడతను. "రెండో బ్రౌజర్ కూడా తెరవండమ్మా. అక్కడా చూడాలి."

నాలుగుంపావుకి గానీ కుర్చీ ఖాళీ కాలేదు. అయిదుకి నాలుగు నిమిషాలుండగా చివరి పిల్లవాడి మార్కు ఎక్కింది. మధ్యలో ఒక్క ప్రకటన కూడా రాలేదు. అయినా టీచరమ్మ కోపం దిగలేదు. వెంటనే షాపుకి ఫోన్ చేసింది.

"ఇంకోసారి ఆ మనిషిని పంపకండి. పని తక్కువ, ఉపన్యాసం ఎక్కువ."

రెండు వారాలు గడిచాయి. అత్తగారు మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. ఒకరోజు టీచరమ్మ హడావిడిగా ఏదో దించుకోబోతుంటే వెనక నుంచి ఆపారు.

"ఆగమ్మాయ్. కింద చిన్న అక్షరాలు చదివావా?"

చదవలేదు. చదివితే, అడగని మరో రెండు ప్రోగ్రాములకి అప్పటికే టిక్కు పెట్టి ఉంది.

అదే వారం సైన్సు టీచరింట్లో భూతద్దం పుట్టింది. టీచరమ్మ స్వయంగా షాపుకి వెళ్ళింది.

"మా ఇంటికొచ్చినాయన్నే పంపండి. ఆయనైతే నేర్పించి వెళతారు."

షాపాయన ఇబ్బందిగా చూశాడు. "ఆయన్ని మాన్పించేశాను మేడమ్. మీది మూడో కంప్లయింట్."

"ఇప్పుడెక్కడున్నారు?"

"తెలీదు. ఊరు మారిపోయాడు. ఫోన్ కూడా కలవడం లేదు."

ఆమె వెనక్కి తిరగబోయింది.

"చేరేటప్పుడు ఒక్కటే అడిగాడు మేడమ్. భూతద్దం కేసు ఏ ఇంటి నుంచి వచ్చినా తననే పంపాలన్నాడు."

"దానిమీదే అంత పట్టుదల ఎందుకు?"

"వెళ్ళిపోయే రోజున నేనూ అదే అడిగాను."

షాపాయన గొంతు తగ్గించి అన్నాడు. "పెద్ద కంపెనీలో ఉన్నప్పుడు దాన్ని తయారుచేసింది ఆయనేనట మేడమ్. ఆ ఉద్యోగం వదిలేసి, అప్పట్నుంచీ ఇంటింటికీ తిరిగి తీయిస్తున్నాడట."