సైరన్ మోగితే మాకు నేర్పిన పని

వియత్నాం కార్మికులకు జపనీస్ రాక సునామీ హెచ్చరిక అర్థం కాలేదని మీ పరిశోధనలో అచ్చేశారు, ప్రొఫెసర్ గారూ. మమ్మల్ని ఒక్క మాటా అడగలేదు, మా మేనేజరునే అడిగారు. ఈ కార్డు మీ భాషలోనే రాస్తున్నాను. అర్థం కాకపోతే ఆయన్నే అడగండి.

మాది ఆల్చిప్పలు ఒలిచే షెడ్డు. ఏటా సెప్టెంబరు ఒకటిన సునామీ కసరత్తని సైరన్ మోగించి, జపాన్ వాళ్లందరినీ కొండ మీది బడికి నడిపించేవారు. మేమూ లేస్తే మేనేజరు చెయ్యి ఊపేవాడు.

"కూర్చోండమ్మా, ఇది ఉత్తుత్తిదే. లైను ఆగిపోతే ఎలా?"

హాజరు పట్టీలో మా సంతకాలు ముందురోజే పెట్టించుకునేవాడు. మూడేళ్లు అదే శిక్షణ. బాగానే వంటబట్టింది.

ఈ మార్చిలో సైరన్ మోగింది. మేం బుద్ధిగా ఒలుస్తూ కూర్చున్నాం. మా బల్ల దగ్గర పనిచేసే షిగెనో పెద్దమ్మ, సగం కొండెక్కినావిడ, రొప్పుకుంటూ వెనక్కొచ్చింది.

"లేవండే మొద్దుమొహాల్లారా, ఈసారి నిజంగానే వస్తోంది."

మమ్మల్ని ముందు తరిమింది. ఆవిడ మోకాళ్లు మాతోపాటు పరుగెత్తలేకపోయాయి.

మీ పరిశోధనలో ఆవిడ గురించి ఒకే వాక్యం ఉంది: "వెనక్కి వెళ్లిన కారణం తెలియదు."

కారణాలు పన్నెండు. వాటి పేర్లు కింద రాశాను. అన్నీ బతికే ఉన్నాయి, జపనీస్ కూడా మాట్లాడతాయి. వచ్చి అడిగి, ఆ రెండు వాక్యాలూ మార్చండి. ఆగస్టు ముప్పై ఒకటిలోగా జవాబు కావాలి.

మర్నాడు సైరన్ మోగుతుంది. ఈసారి లైను ఆపి లేస్తాం.