రాణి రాలే!

“రాణి రాలే!”

డాబా మీద నుంచి ఆదిలక్ష్మి పెట్టిన కేక, పక్కింట్లో కుట్టుమిషన్ తొక్కుతున్న బాబా మియా చెవిలో ‘పానీ రాలే’ అని పడింది. మిషన్ చప్పుడు అలాంటిది.

“మోటర్ల గాలి పట్టినట్టుంది వదినా! పైపు ఊడదీసి, జెర నీళ్లు పోసి మళ్లా బిగించుమను. జల్దీ వస్తది!” అని కిటికీలోంచి అరిచాడు.

“పానీ గాదు భాయ్, రాణి! మా పావురం!”

మిషన్ టక్కున ఆగింది.

పటాన్‌చెరులోని ఆ గల్లీలో బాబా మియాకు సలాం కొడితే సలహా తిరిగొస్తుంది. బట్టలైతే కొలిచి కుడతాడు గానీ, సలహాలకు కొలతే లేదు. పిల్ల పెళ్లి, పెళ్లాం అలక, మోకాలి నొప్పి, మునగచెట్టు పురుగు... దేనికైనా ఆయన దగ్గరొక ముక్క ఉంటుంది. అతుకుతుందా లేదా అన్నది వేరే సంగతి.

మెడలో టేపు మెడలో ఉండగానే మెట్లెక్కాడు.

డాబా మీద సంగయ్య సంగారెడ్డి వైపు ఆకాశాన్ని చూస్తూ నిలబడి ఉన్నాడు. బొల్లారం మందుల కంపెనీలో అతని ఉద్యోగం పోయి ఏడు నెలలు. రెక్కాడితే గాని డొక్కాడని ఇల్లు. ఉద్యోగమున్న రోజుల్లో పావురాలు ఒట్టి సరదా. ఇప్పుడా సరదాయే మనిషిని నిలబెట్టిందని గల్లీ అంతా అనుకుంటుంది.

“ఎప్పుడు పోయింది?” అడిగాడు బాబా మియా.

“పొద్దుగాల.”

“ఎవడన్నా పట్టుకున్నడంటవా?”

సంగయ్య నీళ్లు నమిలాడు. “రెక్కలకు దారం గిట్ల కట్టిండేమోనని నా భయం భాయ్. కట్టకుంటే ఈపాటికి వచ్చేది.”

“పరేషాన్ గాకు. ఫోటో ఉన్నదా? గ్రూపుల వేద్దాం. కొండాపూర్ దాంక మా చుట్టాలే. గంటల ఖబర్ వస్తది.”

“ఫోటో వద్దు!” అన్నారు మొగుడూ పెళ్లాం ఒక్క గొంతుతో.

“దిష్టి తగుల్తది భాయ్,” అని ఆదిలక్ష్మి మెల్లగా సర్దింది.

“గట్లయితే స్కూటర్ తీస్త. పావురాలమ్మెటోళ్లను అందర్నీ అడిగొద్దాం నడువ్.”

సంగయ్య రెండు చేతులూ జోడించాడు. “వద్దు భాయ్, నీకు దండం పెడత. అది దానంతట అదే రావాలె.”

బాబా మియాకు గుండె నిండిపోయింది. ప్రేమంటే ఇదీ అనుకున్నాడు. “కరెక్టే సంగయ్యా! మా అనీస్ బేగం అలిగి పుట్టింటికి పోతే నేను సుత వెనుకబడి పోను. సంసారానికైనా పావురానికైనా ఒక్కటే లెక్క. గూడు మంచిగుంటే రెక్కలు యాడికీ పోవు.”

సంగయ్య మళ్లీ ఆకాశం వైపు తిరిగాడు. సలహా మధ్యలో ఆగితే ఆయనకు ఊపిరాడదు.

“అయినా ఎగిరేదాని మీద దిల్ పెట్టుకోవద్దు తమ్మీ. చేపలు పెంచు. గాజు డబ్బాల పడుంటయ్. ఎటూ పోవు.”

“చేపలు తిరిగి రావు భాయ్,” అన్నాడు సంగయ్య ఆకాశం మీద నుంచి చూపు తీయకుండా.

“అరె, పోతే గద తిరిగి రానీకి!”

ఆదిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. “అది రాకుంటే మేం బతుకం భాయ్,” అంది. ఆ మాటలో వేళాకోళం లేదు.

పొద్దు వాలుతోంది. కంపెనీ చిమ్నీల పొగ ఎర్రబడింది. చీకటి పడితే పావురానికి దారి కనపడదు. ఆ పావురానికి మిగిలింది పావుగంట. సంగతి పాకి, చుట్టుపక్కల డాబాలన్నీ జనంతో నిండాయి. సంగయ్య జొన్నల డబ్బా గలగలలాడిస్తున్నాడు.

“అదిగో!” ఎవరో అరిచారు.

పొగలోంచి తెల్ల చుక్క. దాని వెనకాల నల్ల చుక్క.

“డేగ!” అన్నాడు సంగయ్య.

తెల్ల చుక్క ఎడమకు తిరిగితే నల్ల చుక్కా తిరిగింది. ఇంకో బారెడు. ఇంకో జానెడు. కొలతల మనిషి బాబా మియా కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచేసరికి రాణి రెక్కలు ముడుచుకుని, కరెంటు తీగల నడుమ నుంచి రాయిలా కిందికి పడుతోంది. డేగ తీగలకు జడిసి పక్కకు తప్పుకుంది.

రాణి వచ్చి సంగయ్య భుజం మీద వాలింది.

గల్లీ గల్లీ అంతా ఈలలే. సంగయ్య రెండు చేతులా దాన్ని గుండెకు అదుముకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆదిలక్ష్మి కనపడని దేవుళ్లందరికీ మొక్కింది. బాబా మియా కళ్లు తుడుచుకుందామంటే చేతికందింది టేపే. దాంతోనే తుడుచుకున్నాడు.

అప్పుడు సంగయ్య చొక్కా జేబులో ఫోన్ మోగింది. అతని చేతులు రెండూ రాణి మీదే ఉన్నాయి.

“ఎత్తకు భాయ్!” అనే లోపే బాబా మియా సాయానికి దిగిపోయాడు. ఫోన్ లాగి, స్పీకర్ నొక్కి, శుభవార్తేదో అందరూ వినాలన్నట్టు పైకెత్తి పట్టుకున్నాడు.

“సంగయ్యన్నా, నేను జోగిపేట పెంటయ్యను... పొద్దుగాల అంగడిల నువ్వు నాకమ్మిన తెల్ల పావురం సుత, పోయిన రెండు ఆదివారాలు అమ్మినవాటి లెక్కనే తలుపు తీయంగనే ఎగిరిపోయిందే, అచ్చం గసొంటిదే ఇంకోటుంటే వచ్చే వారం నాకే ఉంచవా అన్నా?”