అరంగుళం

"అలా బిగుసుకుపోతే కోటు మీ ఫొటోకి సరిపోతుంది సార్, మీకు కాదు. మామూలుగా నిలబడండి," అన్నాడు టైలరు.

మేనేజరు ఊపిరి వదిలాడు. తను పనిచేసిన కంపెనీ మూతపడి ఏడాదైంది. సోమవారం ఇంటర్వ్యూ. గదిలోకి అడుగుపెట్టగానే వాళ్ళకి తన మీద గురి కుదరాలి.

టైలరు భుజాల మీద టేపు పరిచాడు.

"ఎడమ భుజం అరంగుళం కిందికుంది. లోపల దూది పెట్టేస్తాలెండి. ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

మేనేజరు అద్దంలో చూసుకున్నాడు. నిజమే. భార్య పోయి మూడేళ్ళు. భుజం ఎప్పటినుంచి వాలిందో చెప్పేవాళ్ళు లేరు.

"వీపు ఎవరికి వాళ్ళకి కనబడదు. శుక్రవారం ట్రయల్‌కి మేడమ్‌గారిని తీసుకురండి."

"మీరే చూసి చెప్పండి. ఒక్క ట్రయలేనా?"

"నా చేతి మీద నమ్మకం లేదా సార్?"

"ఉంది. అయినా గురువారం కూడా వస్తాను."