గ్యాలరీలో అన్నయ్య

"రేపటి బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆ పొడుగుపిల్ల చేతుల్లోనే ఉంది" అని పొద్దుటి పేపరు రాసింది. ఆ పిల్ల కోచ్‌ని నేనే. ఏళ్ల తరబడి మా కాలేజీకి పక్కలో బల్లెంలా ఉన్నది అవతలి ఊరి కాలేజీ. రేపు మేం ఆడేది ఆ జట్టుతోనే. దాని కోచ్ మా అన్నయ్య.

సాయంత్రం ప్రాక్టీసు చేయిస్తూ తలెత్తితే, గ్యాలరీ చివరి వరసలో టోపీ కళ్లమీదికి లాక్కుని, ఫోన్‌తో వీడియో తీస్తూ కనిపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండేసి మెట్లెక్కి వెళ్లి ఫోను లాక్కున్నాను.

"సొంత చెల్లెలి జట్టు మీదే నిఘానా అన్నయ్యా? సిగ్గుగా లేదూ?"

"రేపు ఆ పొడుగుపిల్లని ఆడించకు."

"ఆడించకపోతే మీకు హాయి. నేను మరీ అంత వెర్రిదాన్లా కనిపిస్తున్నానా?"

"తర్వాత తిడుదువుగాని. ముందు అది చూడు."

చూశాను. మా ఎత్తుగడలు ఒక్కటీ లేవు. వీడియో అంతా ఆ పిల్లే. నేను అటు తిరిగిన ప్రతిసారీ గోడకు ఆనుకుని, గుండె పట్టుకుని, ఊపిరి కూడదీసుకుంటోంది. నేను ఇటు తిరగగానే నవ్వుతూ పరుగెత్తుతోంది.

"పోయిన మ్యాచ్‌లోనే అనుమానం వచ్చింది. నోటిమాటగా చెబితే నువ్వు నమ్మవుగా," అన్నాడు.

విజిల్ వేసి ప్రాక్టీసు ఆపేశాను.

పరీక్షలు చేసిన డాక్టరు పిల్లని అప్పటికప్పుడే ఆస్పత్రిలో చేర్చుకున్నాడు. "రేపు ఆడి ఉంటే ఆటలోనే ప్రాణం పోయేది," అన్నాడు.

గది బయటికి వచ్చాను. బెంచీ మీద కూర్చుని అన్నయ్య, ఆ పిల్ల వాళ్లమ్మకు ఫోన్లో మెల్లగా ఆస్పత్రి దారి చెబుతున్నాడు.